ఆపరేషన్ అయ్యాక మొదలయ్యే ఖర్చు

(చెన్నై టి. నగర్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో, గుండె ఆపరేషన్ అయినవాళ్ళ కోసం చేసే నిధుల నడకకు వారం ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు నుంచి తెల్లవారుజామునే రైలెక్కి వచ్చినవాళ్ళు ఈ హాల్లో చాలామంది కనిపిస్తున్నారు. మీకు ప్రత్యేకంగా దండం పెడుతున్నాను.

వచ్చే ఆదివారం మెరీనాలో మన నడక ఉంది. దాని గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నడక సంగతికి తర్వాత వస్తాను. ముందు డబ్బు సంగతి చెప్పాలి. చందా కోసం వెళ్ళినప్పుడు ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న వస్తుంది. "ఎవరికమ్మా ఆపరేషన్? ఎంతవుతుందట?" అని. ఆపరేషన్ ఎవరికీ కాదండీ, ఎప్పుడో అయిపోయినవాళ్ళ కోసం అడుగుతున్నాం అంటాను. "అయిపోయాక ఇంకేం ఖర్చు?" అంటారు. అదే ఇవాళ చెబుతాను.

గుండె ఆపరేషన్ అంటే ఒకప్పుడు పొలం అమ్ముకోవలసిందే. ఇప్పుడు రోజులు చాలా మారాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తమిళనాడులో 2009లో ప్రభుత్వ బీమా వచ్చింది, 2012లో దాని స్థానంలో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం వచ్చింది. 2019 చివర్లో ఆరోగ్యశ్రీని చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లోని కొన్ని ఆసుపత్రులకూ విస్తరించారు. వీటి వల్ల ప్రాణాలు దక్కినవాళ్ళు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు. ఏ పథకమూ వర్తించకపోయినా, పసిబిడ్డకు గుండె ఆపరేషన్ అని తెలిస్తే మన జనం ఆలోచించరు. చుట్టాలు, ఆఫీసువాళ్ళు, వీధిలోవాళ్ళు తలా కొంత వేస్తారు. పది రోజుల్లో లక్షలు పోగైన సందర్భాలు నేను కళ్ళారా చూశాను. మన మనుషుల మంచితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు.

డిశ్చార్జి అయిన రోజు నుంచి ఇంకో ఖర్చు మొదలవుతుంది. అది చిన్నది. చిన్నది కాబట్టే ఎవరినీ అడగలేరు. నాలుగు వందల కోసం ఎవరి గుమ్మం తొక్కుతాం? గుండెలో కృత్రిమ వాల్వు, అంటే రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపు, వేయించుకున్నవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. బతికినంతకాలం వేసుకోవాలి. ఆ మాత్ర సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించాలి. మొదట్లో వారానికోసారి, కుదురుకున్నాక నెలకోసారి. ప్రైవేటు ల్యాబులో ఒక్కోసారికి మూడు నాలుగు వందలు తీసుకుంటారు. పెద్దాసుపత్రిలో ఉచితంగానే చేస్తారు, కానీ తడ దగ్గర పల్లెలో కూలికి వెళ్ళే ఆడమనిషికి ఆ ఉచితం ఎంతకు పడుతుందో లెక్క వేయండి. ఆ రోజు కూలి పోయింది. తోడు వచ్చిన మనిషి కూలి పోయింది. రైలు, బస్సు, ఆటో, మధ్యాహ్నం తిండి. రిపోర్టు సాయంత్రం వస్తే డాక్టరుకు చూపించడానికి మర్నాడు మళ్ళీ రావాలి. అందుకని ఒక నెల ఆగుతుంది. ఏమీ కాదు. రెండో నెల కూడా ఆగుతుంది. అప్పుడూ ఏమీ కాదు. బాగానే ఉన్నాను కదా, ఇంకెందుకు అనిపిస్తుంది. ఈ "బాగానే ఉన్నాను" అన్న మాట వింటే నాకు భయం.

మా నడక మొదలుకావడానికి ఒక అమ్మాయి కారణం. పేరు చెప్పను. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. పథకం కింద రూపాయి ఖర్చు లేకుండా ఆపరేషన్ అయింది, వాల్వు మార్చారు. ఏడాది తిరిగేసరికి మనిషి కోలుకుని, నీళ్ళ బిందెలు మోసుకునేదాకా వచ్చింది. ఆ సంవత్సరం వానలు లేక ఇంట్లో డబ్బులు కటకటగా ఉండి, పరీక్ష మానేసింది. తర్వాత మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంది, సీసా ఎక్కువ రోజులు వస్తుందని. ఒక రోజు వంట చేస్తూ చేస్తూ కూలబడిపోయింది. మాట పడిపోయింది, కుడి చెయ్యి పడిపోయింది. వాల్వు మీద రక్తం గడ్డకట్టి, అందులో ముక్క మెదడుకు చేరింది. ప్రాణం నిలిచింది. చెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. లక్షలు ఖరీదు చేసే ఆపరేషన్ ఆమెకు ప్రభుత్వం ఇచ్చింది. ఆమెకు కొరవడింది నెలకు ఐదారు వందలు. ఆ ఐదారు వందల కోసమే మనం ఆదివారం నడుస్తున్నాం.

ఇప్పుడు ఈ జబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. పిల్లల తల్లులు దయచేసి జాగ్రత్తగా వినండి. గుండెజబ్బు అనగానే మనకు యాభై దాటిన మగమనిషి, సిగరెట్లు, కొలెస్టరాల్, స్టెంట్ గుర్తుకొస్తాయి. నేను చెప్పేది వేరే జబ్బు. ఇది గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిమి వల్ల పిల్లలకు గొంతు వాస్తుంది, జ్వరం వస్తుంది. చాలామందికి తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం రెండు మూడు వారాల తర్వాత కీళ్ళు వాచి, మళ్ళీ జ్వరం వస్తుంది. మోకాలు నొప్పి తగ్గేలోపు మోచెయ్యి పట్టుకుంటుంది, అది తగ్గేలోపు మడమ. ఇదే రుమాటిక్ ఫీవర్. ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు వస్తుంది. ఇరుకు ఇళ్ళలో పదిమంది ఒకే గదిలో పడుకునే చోట ఎక్కువ. క్రిమిని చంపడానికి ఒంట్లో పుట్టిన శక్తి, పొరపాటున మన కీళ్ళ మీద, గుండె మీద కూడా దాడి చేస్తుంది. కీళ్ళు ఏ మచ్చా లేకుండా మామూలవుతాయి. గుండె వాల్వులు అలా మామూలు కావు. ఆ జ్వరం మళ్ళీ వచ్చినప్పుడల్లా ఇంకాస్త చెడతాయి.

నాకు పదేళ్ళప్పుడు గూడూరు దగ్గర మా ఊళ్ళో ఇదే వచ్చింది. ఎదిగే పిల్లకు ఒళ్ళు నొప్పులు మామూలే అన్నారు. మా అమ్మ నూనె రాసి, వేడినీళ్ళు పోసి, రాత్రంతా కాళ్ళు నొక్కుతూ కూర్చుంది. తగ్గిపోయింది. బాగా చదువుకున్నాను, పెళ్ళయింది, మద్రాసు వచ్చాను, స్కూల్లో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరాను. రెండో అంతస్తులో క్లాసు. మెట్లెక్కి వెళ్ళాక పాఠం మొదలుపెట్టడానికి కాసేపు ఆగాల్సి వచ్చేది. రక్తం తక్కువేమో అనుకున్నాం. బెల్లం, ఖర్జూరం, ఐరన్ మాత్రలు. రెండో కాన్పుకు ఆరో నెలలో రాత్రి పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుని నిద్రపోయేదాన్ని. గర్భిణికి రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. లోపల దాగి ఉన్న జబ్బు అప్పుడు బయటపడుతుంది. ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు చాలావరకు మూసుకుపోయి ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఆ ద్వారం నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. నాకు ఒకటి కూడా లేదు. వాల్వు అంటే తలుపు అన్నాను కదా. దాని రెక్కలు రెండూ అంచుల్లో అతుక్కుపోయి సన్నని సందు మిగిలింది. రక్తమంతా వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది.

ఆ రోజు నన్నూ నా బిడ్డనూ బతికించింది బెలూన్ పద్ధతి. తొడ దగ్గర రక్తనాళం లోంచి సన్నని గొట్టాన్ని గుండెదాకా పంపి, అక్కడ బెలూన్ ఉబ్బించి, అతుక్కున్న రెక్కల్ని విడదీస్తారు. ఛాతీ కొయ్యనక్కరలేదు. జపాన్ డాక్టరు కాంజీ ఇనౌయే 1982లో మొదటిసారి దీన్ని మనిషికి చేశారు. ఆయన పేరు మన ఇళ్ళలో ఎవరికీ తెలియదు, కానీ మన దేశంలో ఎందరో ఆడవాళ్ళు ఆయన వల్ల పిల్లల్ని కని పెంచుకుంటున్నారు. అందుకే ఎక్కడ మాట్లాడినా ఆ పేరు చెబుతాను.

చాలా ఏళ్ళ తర్వాత ఆ వాల్వు మళ్ళీ బిగుసుకుంది, లీకు కూడా వచ్చింది. అప్పుడు మార్చక తప్పలేదు. నా గుండెలో ఇప్పుడు ఉన్నది చిత్ర వాల్వు. దీని గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఒకప్పుడు ఈ వాల్వులన్నీ విదేశాల నుంచి వచ్చేవి. మామూలు కుటుంబానికి అందే ధర కాదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ గారు, ఆయనతో పనిచేసిన ఇంజనీర్లు ఏళ్ళ తరబడి శ్రమించి మనదైన వాల్వు తయారుచేశారు. మొదటి నమూనాలు విఫలమయ్యాయి. లోహం మార్చారు, బిళ్ళ మార్చారు, గొర్రెలకు పెట్టి చూశారు. చివరికి 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి అమర్చారు. లోపల తిరిగే బిళ్ళ ఒక గట్టి రకం ప్లాస్టిక్. రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకోవాలి, ఏళ్ళ తరబడి అరగకూడదు. టీటీకే కంపెనీ దాన్ని తయారుచేసి అందిస్తోంది. వలియత్తాన్ గారు 2024 జులైలో కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజు నేను ఇంట్లో దీపం పెట్టి కూర్చున్నాను.

సరే, మాత్ర సంగతి. వార్ఫరిన్ అని ఒకటి, అసిట్రోమ్ అని ఒకటి. డాక్టరు రాసిన ఒకదాన్నే వాడాలి. వీటి పని రక్తం గడ్డకట్టే వేగాన్ని తగ్గించడం. మామూలు మనిషికి ఐ.ఎన్.ఆర్. ఒకటి దగ్గర ఉంటుంది. మైట్రల్ వాల్వు మార్చినవాళ్ళకు సాధారణంగా రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఉంచుతారు. తగ్గితే వాల్వు మీద గడ్డ కడుతుంది. పెరిగితే చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి, కడుపులో, ఒక్కోసారి తలలో రక్తస్రావం అవుతుంది. ఆ రెండు అంకెల మధ్య బతకడమే మా జీవితం.

ఇక్కడ మన వంటింటి సంగతి వస్తుంది. ఈ మాత్ర విటమిన్ కె మీద పనిచేస్తుంది. ఆ విటమిన్ ఆకుకూరల్లో దండిగా ఉంటుంది. చాలామంది ఆపరేషన్ కాగానే తోటకూర, పాలకూర, గోంగూర పూర్తిగా మానేస్తారు. మానేయనక్కరలేదు. వారంలో ఎంత తింటారో ప్రతివారమూ దాదాపు అంతే తినండి. అకస్మాత్తుగా మార్చకండి. ఆషాఢమాసంలో మునగాకు తినాలని మన పెద్దలు పెట్టారు. ఏడాదంతా ముట్టనివాళ్ళు ఆ నెలలో పప్పులోనూ వేపుడులోనూ మునగాకే తింటే ఐ.ఎన్.ఆర్. పడిపోతుంది. కార్తీకంలో తిరగబడుతుంది. సోమవారాలు, ఏకాదశి, ఉపవాసాలు. తిండి తగ్గి మాత్ర మాత్రం అంతే వేసుకుంటే అంకె పైకి పోతుంది. భక్తిని ఎవరూ వదులుకోవద్దు. డాక్టరుకు ముందే చెప్పి, ఆ నెలలో ఒక పరీక్ష ఎక్కువ చేయించుకోండి. మన సంఘం డబ్బుతో ఆషాఢంలో, కార్తీకంలో అదనపు పరీక్షలు పెట్టించాలని పట్టుబట్టి ఒప్పించింది మా బృందంలోని ఆడవాళ్ళే.

ఇంకొక విషయం. ఈ మధ్య ఫోన్లలో చూసి "ఇది ఎలుకల మందట కదా" అని మాత్ర ఆపేస్తున్నవాళ్ళు ఉన్నారు. ఉన్నదున్నట్టు చెబుతాను. అమెరికాలో బూజు పట్టిన ఒక రకం పశుగ్రాసం తిన్న పశువులు రక్తం కారి చనిపోతుంటే, విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త కారణం వెతికి ఆ పదార్థాన్ని పట్టుకున్నారు. దాని నుంచి చేసిన వార్ఫరిన్‌ను 1948 నుంచి ఎలుకల మీద వాడిన మాట నిజం. 1954 నుంచి మనుషులకు మందుగా ఇస్తున్నారు. ఆ మరుసటేడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనకూ ఇచ్చారు. కొలత తప్పితే ప్రమాదం, కొలతలో ఉంటే ప్రాణదానం. అందుకే పరీక్ష. కాళ్ళనొప్పులకు మందుల షాపులో అడిగి బిళ్ళ కొనుక్కుని వేసుకోవద్దు. చాలా నొప్పి మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్‌లు దీనితో పడవు. పన్ను పీకించుకునే ముందు దంతవైద్యుడికి వాల్వు సంగతి చెప్పి తీరాలి. ముందుగా యాంటీబయాటిక్ వేసుకోకపోతే నోట్లో క్రిములు రక్తంలో కలిసి వాల్వుకు పట్టుకునే ప్రమాదం ఉంది.

చిన్నప్పుడే జబ్బు కనిపెడితే చాలామందికి ఇంతదాకా రాదు. గొంతు క్రిమి మళ్ళీ పట్టకుండా మూడు వారాలకోసారి పెనిడ్యూర్ ఇంజెక్షన్, అంటే బెంజథీన్ పెనిసిలిన్. ధర తక్కువ, నొప్పి ఎక్కువ. ఏళ్ళ తరబడి వేయించాలి, కొందరికి నలభై ఏళ్ళు వచ్చేదాకా. ప్రపంచ ఆరోగ్య సభ 2018లో ఈ జబ్బు మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. ఈ ఇంజెక్షన్ అందరికీ అందాలనేది అందులో ముఖ్యమైన అంశం. ధర తక్కువ మందు కాబట్టి తయారీదారులకు ఆసక్తి తక్కువ, దొరకని నెలలూ ఉంటాయి. మన నిధిలో కొంత భాగం పిల్లల ఇంజెక్షన్లకు పోతుంది.

ఆడపిల్లల సంగతి దగ్గర నా గొంతు కాస్త పెరిగితే క్షమించండి. పదిహేను, పదహారేళ్ళ అమ్మాయిలు ఇంజెక్షన్ మానేస్తున్నారు. ఎందుకని అడిగితే తల్లి చెవిలో చెబుతుంది. "మూడు వారాలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వీధిలోవాళ్ళు అడుగుతున్నారమ్మా. రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" ఆపరేషన్ అయిన అమ్మాయికి గొంతు కింద నుంచి మచ్చ ఉంటుంది. మెడ మూసే జాకెట్ కుట్టించి దాచి పెళ్ళి చేస్తారు. అత్తవారింట్లో మాత్ర అందరి ముందు వేసుకోలేదు. దాచుకుని వేసుకుంటుంది, లేకపోతే మానేస్తుంది. నెల తప్పితే ఎవరికీ చెప్పలేదు. వార్ఫరిన్ మొదటి నెలల్లో కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. మాత్ర మార్చాలా, రక్తం గడ్డకట్టకుండా వేసే ఇంజెక్షన్‌కు మారాలా అన్నది గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడుకోవలసిన విషయం. దాచిన పెళ్ళిలో ఆ అమ్మాయి ఈ సంగతి ఎలా మాట్లాడుతుంది? అమ్మాయి తండ్రులు ఇక్కడ ఉంటే వినండి. చెప్పి చేయండి. ఆ మాట విని వెళ్ళిపోయే సంబంధం పోతేనే మంచిది. అబ్బాయి తల్లులు కూడా వినండి. నాకు వాల్వు ఉంది. ఉద్యోగం చేశాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, అత్తగారికి చివరిదాకా సేవ చేశాను.

మా నడకలో ముందు వరుసలో అమ్మాయిలే నడుస్తారు. వాళ్ళంతట వాళ్ళు అడిగి తీసుకున్న స్థానం అది. గత ఏడాది ఒక తల్లి తన కూతుర్ని వెనక్కి లాగబోతే ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని వెళ్ళి ముందు నిలబడింది. ఆ తల్లి కూడా కాసేపటికి పక్కకు వెళ్ళి నడిచింది.

ఇక నడక. మన ఊళ్ళో తెలుగువారికి నడిచి అడగడం కొత్త కాదు. మైలాపూరులో 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదిలిన పొట్టి శ్రీరాములు గారు, అంతకుముందు నెల్లూరులో హరిజనుల కోసం ఒంటికి అట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా ఎండలో తిరిగేవారు. చూసినవాళ్ళు పిచ్చివాడన్నారు. ఆయన ఆగలేదు. నేను చందాలకు వెళ్ళేముందు నాగేశ్వరరావు పార్కులో కాసేపు నడుస్తాను. అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీద ఉన్న పార్కు. సంపాదించినదంతా పదిమందికి పెట్టిన మనిషి. ఆ పేరున్న చోట నడిచి బయల్దేరితే అడగడానికి మొహమాటం అనిపించదు.

కెనడాలో టెర్రీ ఫాక్స్ అని ఒక కుర్రవాడు ఉండేవాడు. క్యాన్సర్ వల్ల కాలు తీసేస్తే కృత్రిమ కాలితో 1980 ఏప్రిల్‌లో దేశమంతా పరుగెత్తడానికి బయల్దేరాడు. ఒక్కో దేశవాసి ఒక్కో డాలరు ఇస్తే చాలన్నాడు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు, మరుసటేడు చనిపోయాడు. కోరినంత డబ్బు మాత్రం అతను బతికుండగానే పోగైంది. అతని పేరు మీద పరుగు మన ఐఐటీ మద్రాసులో కూడా జరిగింది. ఆ కుర్రవాడికి చేతులెత్తి మొక్కుతాను. అయినా మనం అలా నడవకూడదు. గుండెజబ్బు ఉన్న మనిషి తన హద్దు దాటితే అది త్యాగం అనిపించుకోదు, ప్రమాదం అవుతుంది.

అందుకే కిలోమీటరుకు ఇంత అని చందా కట్టించుకోవద్దని మేము నిర్ణయించుకున్నాం. చాలా చోట్ల ఆ పద్ధతి ఉంది, ఆరోగ్యవంతులకు బాగుంటుంది కూడా. మనవాళ్ళు అయితే ఇంకో కిలోమీటరు నడిస్తే ఇంకో పిల్లకు ఇంజెక్షన్ వస్తుందని ఆయాసం వస్తున్నా ఆగరు. నాకు వాళ్ళ మనసు తెలుసు. కాబట్టి దాత ఇచ్చేది ముందే ఇచ్చేస్తారు. మీరు పది అడుగులు వేసి కూర్చున్నా అంతే, చివరిదాకా వెళ్ళినా అంతే.

లైట్‌హౌస్ దగ్గర మొదలుపెడతాం. కామరాజ్ సాలై పక్కన నడకదారి మీదే, ఇసుకలోకి దిగం. ఇసుకలో నడవడం గుండెకు ఎక్కువ పని. వివేకానంద ఇల్లం ఎదురుగా కుర్చీలు, నీళ్ళు ఉంటాయి. చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు. ఓపిక ఉన్నవాళ్ళు శిల్పి రాయ్ చౌధురి గారు మలిచిన శ్రామికుల విగ్రహం దాకా వెళ్తారు. 1959 నుంచి అక్కడున్న విగ్రహం, నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తుంటారు, మీకు తెలుసు. అక్కడితో సరి. ఎండ ఎక్కకముందే అయిపోవాలి.

గుండెజబ్బు ఉన్నవాళ్ళు నడక కోసం ఇవాళే మీ డాక్టరును అడగండి. ఎకో చూసి ఆయన సరేనంటేనే రండి. వద్దంటే కుర్చీలో కూర్చుని వచ్చేవాళ్ళకు నీళ్ళు ఇవ్వండి, అదీ మన పనే. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. ఛాతీ పట్టేసినా, కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా ఆగి కూర్చోండి. సిగ్గుపడొద్దు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, పాదాలు వాచినా ఒంట్లో నీరు చేరుతోందని గుర్తు. నడకకు రాకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు ఆ కొలతే పాటించండి. బూట్లు వేసుకోండి. మన ఫుట్‌పాత్‌లు మీకు తెలుసు, తట్టుకుని పడితే మాకు మామూలు దెబ్బ కాదు. తలకు తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా నేరుగా ఆసుపత్రికే. జేబులో ఒక కాగితం పెట్టుకోండి. వాల్వు ఉంది, ఫలానా మాత్ర వేసుకుంటున్నాను, ఫలానా వాళ్ళకు ఫోన్ చేయండి అని తెలుగులో, తమిళంలో రాసి.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న, తిరుమల కొండ నడిచి ఎక్కొచ్చా అని. అలిపిరి దారిలో మూడు వేల ఐదు వందలకు పైగా మెట్లు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు నడకదారిలో రావద్దని దేవస్థానంవారే చెబుతారు. నాకు మొక్కు ఉండేది. బస్సులో వెళ్ళి తీర్చుకున్నాను. స్వామికి మన వాల్వు సంగతి తెలుసు.

డబ్బు లెక్క. ఇచ్చిన ప్రతివారికీ రసీదు ఇస్తాం, అడిగి తీసుకోండి. ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే మినహాయింపు కావలసినవాళ్ళు రెండు వేలకు మించితే నగదు ఇవ్వకండి, చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఆ మినహాయింపు లేదు, ముందే చెబుతున్నాను. ఎవరి చేతికీ నోట్లు ఇవ్వం. ల్యాబుకు, మందుల షాపుకు నేరుగా కడతాం. ఛార్జీల డబ్బు మాత్రం రోగి చేతికే ఇస్తాం, టికెట్ అడగం. నాలుగు వందల రూపాయల కోసం జబ్బు మనిషిని టికెట్ చూపించమనడం నాకు ఇష్టం లేదు. కమిటీలో దీని మీద వాదన జరిగింది, నా పక్షమే నెగ్గింది.

పెద్ద మొత్తం ఒక్కసారి ఇచ్చేవాళ్ళకు నమస్కారం. అంతకంటే నేను కోరేది, నెలకు రెండు వందలైనా సరే, ఏళ్ళ తరబడి ఇచ్చేవాళ్ళను. ఈ మాత్ర ఒక నెలతో అయిపోయేది కాదు కాబట్టి. మా వీధి చివర టీకొట్టు ఆయన ప్రతి నెలా ఒకటో తారీఖున కవరు పంపిస్తాడు. ఆ కవరు వస్తుందన్న ధైర్యంతో ఒక మనిషికి ఏడాది పొడుగునా పరీక్ష చేయిస్తామని మాట ఇవ్వగలుగుతున్నాం. లక్ష వచ్చినా అది ఒక్కసారిదే అయితే ఆ మాట ఇవ్వలేం.

ఆదివారం ఐదున్నరకల్లా లైట్‌హౌస్ దగ్గరకు రండి. రాత్రి మాత్ర వేసుకునేవాళ్ళు శనివారం మర్చిపోకండి. బయట బల్ల దగ్గర పేర్లు రాస్తున్నారు, నర్సమ్మగారు కూడా అక్కడే ఉన్నారు. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు ఆవిడకు చూపించండి. ఇప్పుడు ప్రశ్నలు ఉంటే అడగండి. అదిగో, ఆ వెనక చెయ్యెత్తిన అమ్మాయికి ముందు మైకు ఇవ్వండి.